నాన్న చేతి స్నానం

పోయిన నెల పిల్లల తిండి గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను: "ఈ ఉత్తరాలన్నీ అమ్మలే రాశారు, నాన్నలు ఏమైపోయారు?" అని. దానికి జవాబుగా ఈసారి ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి. కొన్ని నాన్నల మీద అమ్మలు రాసిన ఫిర్యాదులు, కొన్ని నాన్నలే రాసుకున్నవి. ఒకటి మాత్రం గీతల కాగితం మీద పెన్సిలుతో రాసింది. దాన్ని చివర్లో చదువుదాం. పేర్లు ఎప్పటిలాగే తీసేశాను.

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. మావారు మంచివారే, వాడంటే ప్రాణం. కాని ఎత్తుకుంటే పది నిమిషాలే. వాడు ఏడుపు మొదలుపెట్టగానే "ఇదిగో నీ కొడుకు" అని నా చేతిలో పెట్టేస్తారు. స్నానం, అన్నం, నిద్ర అన్నీ నేనో మా అత్తగారో చూడాలి. ఆయన ఎప్పుడైనా చేయబోయినా "మగవాళ్లకు అవి చేతకావు" అని అత్తగారు అడ్డుపడతారు. నాన్న ఈ పనులు చేయకపోతే నిజంగా పిల్లవాడి ఎదుగుదలకు లోటా? లేక నా విసుగును వాడి పేరు చెప్పి బయటపెడుతున్నానా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ విసుగు న్యాయమైనదే, అమ్మా. దానికి పిల్లవాడి పూచీకత్తు అవసరం లేదు. అయినా అడిగారు కనుక వాడి సంగతే చెబుతాను.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు పావు వంతు ఉంటుంది. అయిదారేళ్లు వచ్చేసరికి 90 శాతానికి చేరుతుంది. ఆ పెరుగుదలకు పాలూ అన్నమూ ఎంత కావాలో, బదులు పలికే మనిషీ అంతే కావాలి. వాడు "ఊ" అంటే ఎవరో ఒకరు "ఊ" అనాలి. వాడు వేలు చూపిస్తే ఎవరో ఒకరు అటు చూడాలి. అమ్మ ఈ పని రోజుకు వందసార్లు చేస్తూనే ఉంటుంది. మరి నాన్న దేనికి అంటారా? నాన్నకు అర్థం కాదు, అందుకు! నవ్వకండి. మీ వాడు "బూ" అంటే మీరు వెంటనే నీళ్లు అందిస్తారు. మీవారు "ఏం కావాలిరా? బంతా? బూరా?" అని అడుగుతారు. వాడు తల అడ్డంగా ఊపి, గ్లాసు వైపు చూపించి, ఈసారి కాస్త గట్టిగా, కాస్త స్పష్టంగా అంటాడు. జీన్ బెర్కో గ్లీసన్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1970లలోనే ఈ సంగతి పట్టుకున్నారు. ఇంటి భాష నుంచి బయటి ప్రపంచపు భాషకు నాన్న ఒక వంతెన అన్నారు ఆవిడ. అన్నీ అర్థమైపోయే మనిషితో మాట్లాడుతూ ఉంటే మాట సాగదీసుకునే అవసరమే రాదు కదా.

ఇక "మగవాళ్లకు చేతకాదు" అన్న మాట. ఫిలిప్పీన్స్‌లోని సెబులో 624 మంది యువకులను కొన్నేళ్లపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైన వాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకుమించి బిడ్డ పనులు చూసేవాళ్లలో మరీ తక్కువగా ఉంది. అంటే బిడ్డను సాకడానికి తగ్గట్టు మగవాడి ఒళ్లు కూడా మారుతుందన్నమాట. ఈ సంగతి అత్తగారికి చెప్పకండి, కొడుకు నీరసించిపోతున్నాడని కంగారుపడతారు.

చేతకానిది మగవాళ్లకు కాదు, అలవాటు లేనివాళ్లకు. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో అనే ఆనవాయితీ ఉంది. తల్లికి అది మంచిదే, కాదనను. కాని నాన్న ఏం చేస్తాడు? పురిటినాడు వచ్చి చూస్తాడు, బారసాలకు వస్తాడు, ఆదివారాలు చుట్టంలా వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. అయిదో నెలలో బిడ్డ ఇంటికి వచ్చేసరికి తల్లి ఆరితేరిపోయి ఉంటుంది, ఇతను మొదటి పాఠంలోనే ఉంటాడు. ఆ తేడాను ఇద్దరూ స్వభావం అనుకుంటారు.

నన్నే చూడండి. 34 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఊరందరి బిడ్డలనూ చూశాను. నా ఇద్దరు పిల్లల్లో ఒక్కరికి కూడా ఒళ్లు తుడిచిన జ్ఞాపకం లేదు. మనవరాలు పుట్టాక, 62వ ఏట, మొదటిసారి పసిబిడ్డకు నీళ్లు పోశాను. దారంలాంటి నరాల్లోకి సూది ఎక్కించిన చేతులు ఆ రోజు వణికాయి.

అందుకే మీకు స్నానమే సలహా ఇస్తాను. సాయం చేయడం కాదు, ఆ పని పూర్తిగా ఆయనదే కావాలి. తొట్టిలో ముందు చల్లనీళ్లు పోయాలి, ఆ తరువాతే వేడినీళ్లు కలపాలి. ఈ వరుస తప్పితే ఏమవుతుందో కాలిన చేతులకు కట్లు కట్టినవాణ్ణి, నాకు తెలుసు. వేడి అరచేత్తో కాదు, మోచేత్తో చూడాలి. నీళ్లు వాడి నడుము దాకా కూడా అక్కర్లేదు. ఫోను మోగినా, తలుపు కొట్టినా వాణ్ణి ఒక్క క్షణం వదిలి వెళ్లకూడదు. రెండు అంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి. చెంబులు రెండు ఉండాలి, ఒకటి నాన్నకు, ఒకటి వాడికి. వాడు తన చెంబుతో నాన్న చొక్కా తడుపుతాడు, తడపనివ్వాలి. తల మీద పోసే ముందు "ఒకటి... రెండు... మూడు" అని లెక్కపెట్టి పోయమనండి. నాలుగైదు రోజులయ్యాక చూడండి, "మూడు" అనకముందే వాడు కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు పైకి లాక్కుని, నవ్వు ఆపుకుంటూ ఎదురుచూస్తాడు. రాబోయేదేమిటో ముందే పసిగట్టడం అది. తరువాత బడిలో చదివేదంతా దాని మీద కట్టేదే. (ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు, స్నానం కాగానే సాంబ్రాణి పొగ, ఈ రెండూ మాత్రం ఎవరు పోసినా వద్దు.)

ఆ పావుగంటా మీరు స్నానాల గది గుమ్మంలో నిలబడకూడదు. అత్తగారిని అసలే నిలబెట్టకూడదు. చెవి వెనక కాస్త సబ్బు మిగులుతుంది. మిగలనివ్వండి.

ఇంకొక్కటి. తండ్రుల మీద జీవితమంతా పరిశోధించిన మైకేల్ లాంబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తండ్రి పాత్రను మూడుగా విడదీశారు: బిడ్డతో గడపడం, అందుబాటులో ఉండడం, బాధ్యత మోయడం. మన ఇళ్లలో మొదటి రెండూ అంతో ఇంతో ఉంటాయి. మూడోది ఉందో లేదో తెలియాలంటే మీవారిని ఒక ప్రశ్న అడగండి. 16 నెలలు నిండాక మీ వాడికి డీపీటీ బూస్టరు, ఎంఆర్ రెండో డోసు పడాలి. ఆ టీకాల కార్డు ఇంట్లో ఎక్కడుంది?

ప్రశ్న: ఏడేళ్లుగా షార్జాలో పనిచేస్తున్నాను. రెండేళ్లకోసారి 45 రోజుల సెలవు. మా పాపకు నాలుగేళ్లు. ఈమధ్య ఇంటికి వెళ్తే నన్ను చూసి వాళ్లమ్మ వెనక దాక్కుంది. "నాన్న ఫోనులో కదా ఉంటాడు" అని ఏడ్చింది. చాక్లెట్లు, బొమ్మలు ఎన్ని ఇచ్చినా నా పక్కన పడుకోలేదు. కాస్త దగ్గరైంది అనుకునేసరికి విమానం ఎక్కే రోజు వచ్చింది. నేనేం చేయాలి?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: "నాన్న ఫోనులో ఉంటాడు" అనడంలో పాప తప్పేమీ లేదు, బాబూ. ఆమె చూసినంతవరకు అదే నిజం. రెండేళ్ల వయసులో చూసిన మనిషి నాలుగేళ్లకు గుర్తుండడు. ఆమె మిమ్మల్ని వద్దనలేదు, జాగ్రత్తపడింది. కొత్త మనిషి చాక్లెట్ చూపించగానే పరుగెత్తుకెళ్లే పిల్ల అయితే నేను ఎక్కువ కంగారుపడేవాణ్ణి.

మీ ఫోను ఎలా సాగుతుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పగలను. ముందు మీ అమ్మగారు. తరువాత నాన్నగారి మోకాళ్లు. ఆపైన మీ భార్యతో మేస్త్రీ లెక్కలు, ఇసుక లారీ. ఆఖర్న పాప చేతికి ఫోను. "అన్నం తిన్నావా? బడికి వెళ్లావా? అమ్మ మాట వింటున్నావా?" మూడింటికీ ఒకే "ఊ". ఆ తరువాత మీకు తెర మీద ఇంటి పైకప్పు కనిపిస్తుంది.

వరుస మార్చండి. పాపకు వేరేగా ఫోను చేయండి, అదీ రోజూ ఒకే వేళకు. మీరు డ్యూటీ దిగి గదికి చేరేసరికి ఆరున్నర అయితే ఇక్కడ ఎనిమిది, పడుకోబోయే వేళ. పది నిమిషాలు చాలు. ప్రశ్నలు మానేసి పని పెట్టుకోండి. మీరు చపాతీలు ఒత్తుకునేటప్పుడు ఫోను గోడకు ఆనించండి. అక్కడ పాప చేతిలోనూ చిన్న పిండి ముద్ద పెట్టించండి. ఎవరి చపాతీ ఏ దేశం పటంలా వచ్చిందో ఇద్దరూ నవ్వుకోవచ్చు. మీ గదుల దగ్గర పిల్లి తిరుగుతుందా? దానికి పేరు పెట్టమని పాపను అడగండి. ఇక రోజూ ఆ పిల్లి ఏం చేసిందో చెప్పాలి. ఒక్కరోజు కథ తప్పితే ఆమే అడుగుతుంది, "పిల్లి ఏదీ?" అని. రెండేళ్ల లోపు పిల్లలకు తెరలే వద్దు, అయిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట దాటవద్దు అని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. కాని తండ్రితో మాట్లాడే వీడియో ఫోనును నేను ఆ లెక్కలో వేయను. ఆ తెర పాపకు బదులు పలుకుతుంది, కార్టూను పలకదు.

మీ భార్యకు ఒక మాట చెప్పండి. "ఉండు, నాన్నకు చెబుతాను" అని బెదిరించవద్దని. దూరాన ఉన్న మనిషిని పోలీసును చేస్తే, వచ్చినప్పుడు పిల్ల దాక్కోక ఏం చేస్తుంది?

ఈసారి వెళ్లినప్పుడు గుమ్మంలోనే ఎత్తుకోబోకండి. చాప మీద కూర్చుని, ఆ పిల్లి బొమ్మ గీస్తూ ఉండండి. ఆమె వచ్చి తొంగిచూస్తుంది. మూడు రోజులు పట్టవచ్చు, వారం పట్టవచ్చు. ఉప్పుమూట ఎక్కించుకోమని ఆమే అడిగేదాకా ఆగండి. తిరిగి వెళ్లే రోజున మాత్రం పాప నిద్రలో ఉండగా వెళ్లిపోకండి. పెద్దవాళ్లు అదే మంచిదంటారు, ఏడుపు తప్పుతుందని. తప్పదు. తెల్లవారి లేచాక మీకు వినిపించకుండా ఏడుస్తుంది. ఆ తరువాత అమ్మ పెరట్లోకి వెళ్లినా బెంగపడుతుంది. ఎన్ని నెలలకు వస్తారో క్యాలెండరు మీద చూపించి, చెప్పి, ఏడవనిచ్చి వెళ్లండి.

ప్రశ్న: మాకు నెలలు నిండకుండా పాప పుట్టింది, కిలో ఏడు వందల గ్రాములు. నా భార్యకు పెద్ద ఆపరేషన్ అయి ఇంకా లేవలేకపోతోంది. నర్సు నన్ను చొక్కా విప్పి పాపను గుండెల మీద పెట్టుకోమన్నారు. మా వాళ్లంతా వింతగా చూశారు. నిజంగా తండ్రులు చేయవచ్చా? నా ఛాతీ నిండా వెంట్రుకలు, తీసేయాలా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తీయనక్కర్లేదు. పాపకు అభ్యంతరం ఉండదు.

ఆ నర్సమ్మకు నా నమస్కారం చెప్పండి. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి బిడ్డలను పెట్టవలసి వస్తున్న ఆసుపత్రిలో మొదలైంది. పేదరికంలోంచి పుట్టిన వైద్యం ఇది, తరువాత ధనిక దేశాలు నేర్చుకున్నాయి. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలూ ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కోతతో పడుకున్న తల్లి ఒక్కతే అన్ని గంటలు ఎలా మోస్తుంది?

చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. సిగరెట్ అలవాటుంటే ఇదే మానే ముహూర్తం. దగ్గు, జ్వరం ఉన్న రోజున వద్దు. పాపకు టోపీ, సాక్సులు, డైపరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మీ ఛాతీ మీద నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం గుండెకు నొక్కుకుపోకుండా, కాళ్లు కప్పలా ముడిచి పెట్టాలి. మీద మెత్తటి గుడ్డతో కట్టుకుని, వెనక్కి వాలి కూర్చోండి. కాసేపటికి మీ ఊపిరి నిదానిస్తుంది, పాప ఊపిరీ కుదుటపడుతుంది. ముక్కు, పెదాల రంగు మీకు కనిపిస్తూనే ఉండాలి. వింతగా చూసేవాళ్లను కాస్త దూరంగా కూర్చుని చూడమనండి.

ప్రశ్న: పాప పుట్టి మూడు నెలలు. నాకేమో బాగానే ఉంది కాని, మావారే మారిపోయారు. నిద్ర పట్టదంటారు, ఊరికే చిరాకు, ఆఫీసు నుంచి కావాలని ఆలస్యంగా వస్తున్నారు. "నేను దేనికీ పనికిరాను" అన్నారు ఒక రాత్రి. ఇది పొగరా, జబ్బా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పొగరు కాదమ్మా. కాన్పు తరువాతి కుంగుబాటు తల్లులకే వస్తుందని అందరూ అనుకుంటారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే సుమారు పదిమంది కొత్త నాన్నల్లో ఒకరికి వస్తుంది. మగవాళ్లలో అది తరచు ఏడుపుగా కాక చిరాకుగా, ఇంటికి ముఖం చాటేయడంగా బయటపడుతుంది. "పనికిరాను" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఈ వారమే మానసిక వైద్యుడి దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. ఆయన రానంటే ముందు 14416కు ఫోను చేయండి. అది మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ ఫోను, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం వారం ఆగవద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. మా వాడు నాలుగో తరగతి. భాగహారం ఎంత చెప్పినా ఎక్కదు. రాత్రి కొట్టు కట్టి వచ్చాక లెక్కలు చెబుతాను, కోపం ఆగక కొడతాను, తరువాత బాధపడతాను. మా నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడు, నేనేమీ చెడిపోలేదు. ఇప్పుడు అందరూ కొట్టకూడదంటారు. కొట్టకుండా గారం చేస్తే పాడైపోరా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు చెడిపోలేదు, ఒప్పుకున్నాను. కాని మీ నాన్నగారు ఏ తప్పుకు కొట్టారో ఒక్కటైనా గుర్తుందా? బెల్టు మాత్రం గుర్తుంది.

నా కొడుకుకు ఇప్పుడు 41 ఏళ్లు. వాడి తొమ్మిదో ఏట ఒక సాయంత్రం చెంప మీద కొట్టాను. వాడికి ఆ దెబ్బ గుర్తుంది. నేను వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది. ఎందుకు కొట్టానో ఇద్దరికీ గుర్తులేదు.

యాభై ఏళ్ల పరిశోధనలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను కలిపి 2016లో ఇద్దరు పరిశోధకులు లెక్కతేల్చారు. దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, తిరగబడడం, మనసు కుంగడం ఎక్కువే కనిపించాయి కాని మంచి నడత ఎక్కడా పెరగలేదు. మన విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ ప్రకారం బడిలో మాస్టారు పిల్లవాణ్ణి కొట్టడం నిషేధం. స్వీడన్ 1979లోనే ఇంట్లో కూడా కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో మొదటి దేశం అదే. అక్కడి పిల్లలు పాడైపోయారని నేను వినలేదు.

కొట్టకపోవడం అంటే గారం చేయడం కాదు. ఎనిమిదింటికి టీవీ ఆపాలి అంటే ఆపాలి, వాడు దొర్లి ఏడ్చినా సరే. కట్టడి ఉండాలి. అది చేత్తో కాక మాటతో, రోజూ ఒకేలా ఉండాలి. ఇవాళ మీకు బేరం బాగుందని తొమ్మిదిన్నర దాకా వదిలి, రేపు బేరం లేదని ఏడున్నరకే అరిస్తే వాడు నేర్చుకునేది నియమం కాదు, మీ ముఖం చూసి వాతావరణం చెప్పడం.

ఇక భాగహారం. రాత్రి పదింటికి, మీకు ఓపిక లేనప్పుడు, వాడికి నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఏ లెక్కా ఎక్కదు. సాయంత్రం గిరాకీ లేని వేళ కొట్టుకే పిలిపించుకోండి. ఇరవై నిమిషాలు చాలు. 84ను 3తో భాగించాలి అనుకోండి. పుస్తకం మూసేయండి. గల్లాపెట్టెలోంచి ఎనిమిది పదిరూపాయల నోట్లు, నాలుగు రూపాయి బిళ్లలు తీసి వాడి ముందు పెట్టండి. "ముగ్గురికి సమానంగా పంచు, ముందు నోట్లు" అనండి. తలా రెండు నోట్లు వేస్తాడు. రెండు నోట్లు మిగులుతాయి. ఇక్కడ వాడు ఆగిపోతాడు. మీరు నోరు మెదపకూడదు. ఇదే అసలు క్షణం, ఇక్కడే మీ చెయ్యి లేచేది. వాడు నోట్ల వంక చూసి, మీ వంక చూసి, "చిల్లర ఇవ్వు నాన్నా" అంటాడు. రెండు నోట్లకు ఇరవై బిళ్లలు, చేతిలో ఉన్న నాలుగు కలిపితే ఇరవై నాలుగు, తలా ఎనిమిది. మొత్తం తలా ఇరవై ఎనిమిది. పుస్తకంలో "కిందికి దించు" అని రాసి ఉన్నది ఈ చిల్లర మార్చడమే. వాడికి భాగహారం రాక కాదు, దించడం ఎందుకో ఎవరూ చెప్పక.

రెండు నెలలు ఇలా చేసినా అంకెలు తారుమారవుతూ ఉంటే కళ్లు, చెవులు పరీక్ష చేయించి పిల్లల వైద్యుడికి చూపించండి. కొందరికి అంకెల దగ్గర నిజమైన ఇబ్బందే ఉంటుంది, దానికి వేరే శిక్షణ ఉంది. ఇప్పటిదాకా కొట్టినందుకు వాడికి ఒకసారి "తప్పయింది" అని చెప్పండి. మీ పరువేమీ పోదు. నేను ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా చెప్పాను, మావాడు నీళ్ల గ్లాసు తెచ్చిచ్చి కూర్చున్నాడు.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వోద్యోగిని. తండ్రులకు సెలవు ఎన్నాళ్లు? కాన్పు కాగానే తీసుకోవాలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 15 రోజులు, ఇద్దరు పిల్లల వరకు. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయిన ఆరు నెలల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే పోయినట్టే. మీ భార్య పుట్టింట్లో ఉన్నప్పుడు సెలవు పెట్టి అత్తవారింట పేపరు చదువుతూ కూర్చోవడం కంటే, వాళ్లు అయిదో నెలలో మీ ఇంటికి వచ్చే తేదీకి పెట్టుకోండి. మీ చేతులు నిజంగా కావలసింది అప్పుడే. ప్రైవేటు ఉద్యోగాల్లో తల్లులకు 2017 సవరణ తరువాత 26 వారాలు వచ్చాయి కాని, తండ్రులకు ఆ చట్టంలో ఒక్క రోజు లేదు. కంపెనీ దయ. స్వీడన్‌లో 1974 నుంచే ఆ సెలవు అమ్మానాన్నలిద్దరిదీ. ఇప్పుడు మొత్తం 480 రోజులు. అందులో 90 రోజులు నాన్నవి, ఆయన వాడుకోకపోతే అమ్మకు బదిలీ కావు. ఆ మెలికే అక్కడి నాన్నలను ఇంటికి రప్పించింది.

ప్రశ్న: మావారు పోయి మూడేళ్లయింది. బాబుకు ఆరేళ్లు. నాన్న ఉంటేనే పిల్లలు బాగా ఎదుగుతారని ఎక్కడ చదివినా గుండె కలుక్కుమంటుంది. నా బిడ్డ సగమే ఎదుగుతాడా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: లేదమ్మా. పిల్లవాడికి కావలసింది నమ్మకంగా నిలిచే మనిషి. ఆ మనిషి మీ రూపంలో వాడికి ఉన్నారు. రెండో మనిషి దొరికితే మంచిదే. మేనమామ కావచ్చు, తాత కావచ్చు, ఎదురింటి మాస్టారు కావచ్చు. ఎవరైనా ఒక్కరే, తప్పకుండా వచ్చేవారు కావాలి. ఏడాదికోసారి బట్టలు తెచ్చే పదిమంది కంటే, ప్రతి ఆదివారం సైకిలు తుడవడానికి వచ్చే ఒక్క మేనమామ మేలు.

మీ ఇంటికి వచ్చేవాళ్లు వాడి తల నిమిరి "ఇక ఈ ఇంటికి నువ్వే మగదిక్కురా" అంటారు. ప్రేమతోనే అంటారు. అననివ్వకండి. ఆరేళ్లవాడికి దిక్కు కావాలి, వాణ్ణే దిక్కు కమ్మనకూడదు. వాళ్ల నాన్న సంగతులు చెబుతూ ఉండండి, ఫొటోకు దండ వేసి చెప్పేవి కాదు. ఆయనకు వంకాయ పడేది కాదని, ఈల వేయడం వచ్చేది కాదని, అలాంటివి.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు పదకొండేళ్లు. మా నాన్న రోజూ బండి మీద నన్ను బడిలో దింపుతారు. పన్నెండు నిమిషాలు పడుతుంది, నేను గడియారంలో చూశాను. దారిలో ఏమీ మాట్లాడరు. తమ్ముడితో క్రికెట్ మాట్లాడతారు. నాతో "దిగు", "జాగ్రత్త", అంతే. నాతో మాట్లాడాలంటే నేను ఏం చేయాలి?
— పెన్సిలు ఉత్తరం, ఊరు రాయలేదు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నకు నువ్వంటే ఇష్టం లేక కాదు. నువ్వు పెద్దదానివి అవుతున్నావు, నీతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియడం లేదు. పెద్దవాళ్లకు తెలియని సంగతులు నువ్వు అనుకునే దానికంటే చాలా ఎక్కువ. నిజానికి ఇది ఆయన చేయవలసిన పని. ఈ పత్రిక మీ ఇంటికి వస్తుంది కనుక, ఆయన కూడా ఈ మాట చదువుతారనుకుంటున్నాను.

బండి నడుస్తున్నప్పుడు అడగకు. హెల్మెట్‌లో వినబడదు, ఆయన రోడ్డు చూసుకోవాలి. సిగ్నలు దగ్గరో, బడి గేటు దగ్గరో బండి ఆగుతుంది కదా, అప్పుడు అడుగు. మీ దారిలో రైలు గేటు ఉండి, అది పడిందా, నీ పంట పండినట్టే. "నాన్నా, నా వయసులో మీరు బడికి ఎలా వెళ్లేవారు?" అని అడుగు. "నడిచి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోనీ. మర్నాడు "ఎవరితో నడిచేవారు?" అని అడుగు. ఆ మర్నాడు "వానొస్తే?" అని అడుగు. వాన దగ్గరికి వచ్చేసరికి నాన్నలు సాధారణంగా ఆగలేరు.

వానొస్తే ఏం చేసేవారో నాకు కూడా రాయి. పెన్సిలుతోనే రాయి, నీ అక్షరాలు బాగున్నాయి. ఈసారి ఊరి పేరు మరిచిపోకు.